ఆ మూడు సంతకాలు నావి కావు

చంద్రపూర్, 9 ఆగస్టు 2002

చిరంజీవి అనంతరావుకు,

ఆశీస్సులని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. మనసులో ఉన్నాయనుకోకు.

మన ఇళ్ల మధ్య ఉన్నవి రెండు వీధులే. అయినా మీ అక్క శేషమ్మ పోయిన నాటి నుంచి ఎనిమిదేళ్లుగా పోస్టు ద్వారానే నిన్ను భరిస్తున్నాను. ఇప్పుడు పనిబడి రాస్తున్నాను.

నా కీళ్లవాతం సంగతి నీకు తెలుసు. ఒంటికి కాపలా ఉండాల్సిన శక్తి మతి చెడి నా కీళ్లనే శత్రువులనుకుని కొరుక్కు తింటోంది. ఈ ఏడాది మొదటి నుంచి నాగపూర్‌లో డాక్టర్ సుచరిత ఒక కొత్త మందు ఎక్కిస్తోంది. ఎనిమిది వారాలకోసారి, సెలైన్‌లో కలిపి. జీవకణాలను పెంచి వాటి నుంచి తీస్తారట. అది ఆ కాపలావాణ్ణి జోకొడుతుంది. నొప్పి తగ్గింది. కానీ కాపలావాడు కునుకు తీస్తున్న ఇంట్లోకి ఎవరైనా రావచ్చు. అందుకే ఆమె మొదటిరోజే గట్టిగా చెప్పింది: చంపిన క్రిములతో చేసిన టీకాలు నాకు ఫరవాలేదు, కొన్ని వేయించుకోవాలి కూడా. బతికున్న క్రిములను నీరసపరిచి చేసినవి మాత్రం వద్దు. మామూలు మనిషిలో నోరు మూసుకుని పడుండే క్రిమి నాలో కాపురం పెట్టవచ్చు.

జులైలో కాలనీలో టైఫాయిడ్ వచ్చినప్పుడు తెలుగు సంఘం తరఫున నువ్వు పంచిన గుళికలు ఆ బతికున్న రకమే. నేను ఆ ఛాయలకు రాలేదు. ఆ మాటే డాక్టరుకు చెప్తే, "పెద్దవాళ్లు మరచిపోతుంటారు, క్యాంపు వాళ్ల దగ్గర కాగితం తీసుకురండి" అంది. నలభై ఏళ్లు భూమి కింద చీకట్లో అంగుళం తేడా రాకుండా గనులు కొలిచిన సర్వేయర్ని! ఈ నెల 24న మందు ఎక్కించాలి. కాగితం లేకపోతే ఎక్కించదు. ఎక్కించకపోతే నా నొప్పులు మళ్లీ తిరగబెడతాయి.

కాబట్టి "కృష్ణారావు గుళికలు మింగలేదు" అని ఒక్క ముక్క రాసి పంపు. ముప్పై ఏళ్లు కాంపౌండరుగా సీసాల మీద చీటీలు అంటించినవాడివి, అంత చిన్న వాక్యం నీకు చేతనవుతుంది.

ఇట్లు,
నీ బావ కృష్ణారావు

తా.క.: రాత చూసి నవ్వకు. నాలుగేళ్లుగా పెన్ను పిడికిట్లో పట్టుకునే రాస్తున్నాను. బ్యాంకులో వేలిముద్రే. నీకు మాత్రం ఈ బాధ లేదు, చదువుకున్న రోజుల్లోనూ నీ రాత ఇలాగే ఉండేది.

*

చంద్రపూర్, 12 ఆగస్టు

పూజ్యులైన బావగారికి నమస్కారాలు. ఇవి మనసులోవే.

మీరడిగిన కాగితం ఇవ్వలేను, బావా. మీరు గుళికలు మింగారు. జులై 21, 23, 25, మూడు రోజులూ పొద్దున్నే పరగడుపున వచ్చి, నా కళ్ల ముందే నీళ్లతో మింగారు. రిజిస్టరులో మూడు సంతకాలు చేశారు. కర్ర లేదు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. మీరీ మందు వాడుతున్నారని అప్పుడు నాకు తెలియదు. తెలిస్తే చెయ్యి పట్టి ఆపేవాణ్ణి.

డాక్టరుగారికి నిజం చెప్పండి. 24న ఎక్కించుకోకండి. జ్వరం వస్తే వెంటనే కబురు చెయ్యండి.

మీ బామ్మర్ది అనంతరావు

తా.క.: మింగిన గంటకు టీ ఇచ్చాను. బాగుందన్నారు. గుళికలకన్నా నాకు ఆ మాటే జీర్ణం కాలేదు.

*

చంద్రపూర్, 14 ఆగస్టు

అనంతరావుకు,

ఈసారి ఆశీస్సులు లేవు.

నీ పాత విద్య నాకు తెలియంది కాదు. కాలు బయట పెట్టకుండానే వీధి మొత్తానికి మలేరియా మాత్రలు మింగించినట్టు రిజిస్టరు నింపిన మహానుభావుడివి. పేర్ల జాబితా ముందే రాసుకుని, రానివాళ్ల పేర్ల ఎదుట నువ్వే గీకి ఉంటావు. పిడికిట్లో పెన్ను పట్టేవాడు సంతకం చేశాడట! కర్ర లేకుండా నడిచాడట!

ఆ మూడు పొద్దులూ నేను ఇంట్లో కూర్చుని చదువుకుంటున్నాను. వంటకు వచ్చే లస్మవ్వను సాక్ష్యం అడిగాను. అది నన్ను ఎగాదిగా చూసి, "గట్లంటవేంది సారూ? నేనచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉండె. నువ్వు ఆ మూల మీదికెళ్లి నవ్వుకుంట వస్తుంటివి. మంచిగున్నవా లస్మవ్వా అని అడిగితివి. గన్నేండ్లల్ల ఎన్నడన్న అడిగినవా? నాకు బుగులైంది" అంది.

దానికి నువ్వేం ముట్టజెప్పావో తెలియదు. కాగితం పంపు.

కృష్ణారావు

తా.క.: వాకిట్లో నా చెప్పులు చూశాను. వాటి అడుగున బొగ్గు బురద. ఈ వానాకాలం నేను గడప దాటింది ఒక్క నాగపూర్ పోవడానికే, అదీ బూట్లలో. ఇది కూడా నీ పనే అయితే, ఈ వయసులో నీకింత ఓపిక ఉన్నందుకు మెచ్చుకుంటున్నాను.

*

చంద్రపూర్, 17 ఆగస్టు

బావగారికి,

మలేరియా మాత్రల సంగతి నిజమే, ఒప్పుకుంటున్నాను. ఇది అది కాదు. సంతకాల పేజీ జిరాక్స్ తీసి పంపుతున్నాను, చూడండి.

నా మాట నమ్మకపోతే పంపుహౌస్ రాయమల్లును అడగండి. లైన్లో మీ వెనకే ఉన్నాడు. "సారుకు నేను దండం వెడితే తిరిగి దండం వెట్టిండు. నా జిందగీల గిది సూడలే. ఇంటికి పోయి దిష్టి తీయించుకున్న" అని ఇప్పటికీ చెప్పుకుంటున్నాడు.

ఇంకొక సంగతి రాయకూడదనుకున్నాను. మీరు నన్ను దొంగ అన్నాక రాయక తప్పదు. మూడో రోజు అందరూ వెళ్లాక మీరు బెంచీ మీద నా పక్కన కూర్చున్నారు. "అనంతం, మీ అక్కకు జ్వరం వచ్చిననాడే నువ్వు నాగపూర్ తీసుకుపోదామన్నావు. పుస్తకంలో చూశాను, రెండ్రోజులు ఆగితే తగ్గుతుందని నేను ఆపాను. అందరి ముందు మాత్రం నీ మందు వల్ల పోయిందన్నాను. తప్పు నాది" అన్నారు.

ఎనిమిదేళ్లు ఆ మాట కోసం చూశాను, బావా. విన్నాక మాత్రం మీ ముఖంలోకి మళ్లీ మళ్లీ చూశాను. మీ గొంతే. కానీ మీరు అలా మాట్లాడరు.

అనంతరావు

తా.క.: మీకు కవల సోదరుడు ఎవరైనా ఉన్నారా? ఉంటే పిల్లనిచ్చేటప్పుడే చెప్పాల్సింది. ఆయనకే ఇచ్చేవాళ్లం.

*

చంద్రపూర్, 19 ఆగస్టు

అనంతరావుకు,

నాకు కవలలు లేరు. ఉండి ఉంటే పుట్టకముందే దావా వేసేవాణ్ణి.

జిరాక్స్ చూశాను. ఆ 'కృ' చుట్టు, కింద సన్నగా లాగిన గీత, గని పటాల మీద నేను పెట్టిన సంతకమే. దాన్ని ఎవరైనా నేర్చుకోవచ్చు. కానీ మూడో రోజు నీతో అన్నాడన్న ఆ మాట ఎక్కడ నేర్చుకున్నాడు? శేషమ్మకు జ్వరం వచ్చిన రోజు గదిలో ఉన్నది ముగ్గురం. ఒకరు పోయారు. నేను ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు.

అంటే నువ్వే అల్లావు. లేదా నా పేరు పెట్టుకుని ఎవడో తిరుగుతున్నాడు. వాడు ఎవడైనా కానీ, వాడి గుళికలకు నా ఒళ్లు పూచీ కాదు. 24న నాగపూర్ పోతాను. మింగలేదని డాక్టరు ముందు ప్రమాణం చేస్తాను. మందు ఎక్కించుకుంటాను. ఆ తర్వాత ఏమైనా జరిగితే ఆ పాపం నీది.

కృష్ణారావు

తా.క.: నిన్నటి నుంచి తలుపుకు లోపల తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. ఈ పొద్దున కుర్చీలో కాసేపు కళ్లు మూతపడ్డాయి. లేచి చూస్తే వేళ్లకు సిరా. పిడికిట్లో పెన్ను పట్టేవాడికి సిరా అరచేతికి అంటుకోవాలి. నాకు చూపుడువేలి కొసకు, బొటనవేలి కొసకు అంటింది. ఎంత కడిగినా పోవడం లేదు.

*

చంద్రపూర్, 20 ఆగస్టు

ప్రియమైన అనంతానికి,

అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని ఉలిక్కిపడకు. మందు పనిచేస్తోంది. ఈ వేళ్లు తిన్నగా అయి మూడు నెలలు దాటింది. ఆయన ఎప్పుడూ చాపి చూసుకోలేదు, అంతే.

నిన్న ఆయన కుర్చీలో కునుకు తీస్తుంటే రాయడం మొదలుపెట్టాను, సగంలో ఆయన లేచాడు. ఆ కాగితం చించేశాడు, నీకు మాత్రం చెప్పి ఉండడు. నువ్వు పంపేవి నేను కూడా చదువుతాను. ఆయన చదివి విసిరేశాక ఏరుకుంటాను.

గుళికలు మూడూ నేనే మింగాను. బతికున్న రకమని అప్పుడు నాకు తెలియదు. డాక్టరు మాటలన్నీ ఆయన చెవిలోనే పడ్డాయి. నువ్వు గుళికలు పంచుతున్నావని రాయమల్లు వెళ్తూ కిటికీలోంచి కేకేశాడు, నిన్ను చూడాలనిపించి లేచి వచ్చాను. వచ్చిన పని అదే కాబట్టి చెప్పాల్సింది చెప్పాను. మళ్లీ చెప్తున్నాను: శేషమ్మ విషయంలో నీ తప్పు లేదు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. ఈ ఉత్తరం అందగానే డాక్టర్ సుచరితకు ఫోన్ చెయ్యి. మూడు గుళికలు, ఏ తేదీల్లో మింగానో చెప్పు. రిజిస్టరు నకలు పంపు. ఎన్నాళ్లు ఆగాలో, ఏ పరీక్షలు చెయ్యాలో ఆమె చూసుకుంటుంది. ఆయన దేవుడి మీద ప్రమాణం చేస్తాడు. అది అబద్ధం కాదు, ఆయనకు నిజంగానే తెలియదు. అయినా నమ్మొద్దని చెప్పు.

మందు ఆగితే వేళ్లు ముడుచుకుంటాయి. అప్పుడు నేను రాయలేను, నీ దాకా నడవలేను. ఆయనకు పిడికిలి చాలు, నాకు వేళ్లు కావాలి. అయినా ఫోన్ చెయ్యి. ఒళ్లు ఇద్దరికీ ఒకటే కదా.

ప్రేమతో,
నీ బావ

తా.క.: సంగతి బయటపడ్డాక ఆయన నిన్ను నానా మాటలూ అంటూ రాస్తాడు. నువ్వూ నాలుగు తిట్టు. మర్యాదగా జవాబిస్తే మనిద్దరి మధ్యా ఉత్తరాలు నడుస్తున్నాయని పసిగడతాడు.