రత్తమ్మగారు నొక్కని మాట

నాగాయలంక,
ఆదివారం.

అక్కకి,

మనిషికి కొత్త పని నేర్పేటప్పుడు ఆమెకి తెలిసిన మాటల్లో నేర్పాలా, ఆ పని బయట ఏ మాటల్లో నడుస్తోందో ఆ మాటల్లోనే నేర్పాలా? కాలేజీలో కామర్స్ చెప్పినన్నాళ్లూ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. తెలుగు మీడియం సెక్షన్లు ఎత్తేసి నన్ను ఇంటికి పంపినప్పుడూ వదల్లేదు. గుడివాడలో దింపేసి వచ్చాననుకున్నాను గానీ, నాతోపాటే బస్సెక్కింది.

క్షేమం అడక్కుండా ఇలా మొదలుపెట్టానని కోప్పడకు. ఒంట్లో ఎలా ఉంది? చెవి మిషను పెట్టుకుంటున్నావా, బీరువాలో దాచావా? ఫోనులో నేను ఒకటంటే నువ్వొకటి వింటున్నావు, అందుకే ఈ ఉత్తరం. బావగారి మోకాలు నెమ్మదించిందా? నేను బాగున్నాను. నీ ధైర్యం కోసం రాస్తున్న మాట కాదు, బాగానే ఉన్నాను.

ఎంత దూరమని, పామర్రులో బస్సు మారితే పూటలో వచ్చేయవచ్చు కదా అన్నావు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ నలభై దాటాక ఒక్కదాన్నే సామాను కట్టుకుని పులిగడ్డ దగ్గర ఏరు దాటుతుంటే, వేరే దేశం పోతున్నట్టే అనిపించింది. ఇక్కడి గాలికి ఉప్పు ఎక్కువ. బట్టలు ఆరినా జిగురు పోదు. మొదటి వారాల్లో సాయంత్రాలు పక్కవాటా టీవీ వింటూ కూర్చునేదాన్ని. అన్నం ఒక్కదానికే వండుకోవడం ఇంకా చేతకాలేదు, రోజూ మిగులుతోంది. ఇప్పుడు కాస్త అలవాటు పడ్డాను. ఇంటావిడ రొయ్యలు వండినప్పుడు ముందే చెప్పి మా వైపు కిటికీ మూయిస్తుంది. ఆ మర్యాదకే నాకు కడుపు నిండిపోతుంది.

ఇక పని సంగతి. కుట్టుపని నేర్పే కేంద్రంలో ఒక గది ఇచ్చి, ఆడవాళ్లకి కంప్యూటర్ నేర్పమన్నారు. కంప్యూటర్ మాత్రం లేదు. ఉన్నదాంట్లో సర్దుకోవాలి కనుక అరచేతిలో పట్టే ఒక చిన్న బోర్డు తెప్పించాను. దాన్ని నువ్విచ్చిన పాత టీవీకి తగిలిస్తే అదే కంప్యూటర్. దాని బుద్ధంతా గోరంత మెమరీ కార్డులో ఉంటుంది. ఆ కార్డులో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తే అలా నడుస్తుంది. నీ ఆఫీసులో ఉన్నలాటివైతే దీనికి మోయలేని బరువు. దీనికి సరిపోయేవి ఊరికే దొరుకుతాయి, కానీ ఒకటా రెండా. నా సంగతి నీకు తెలుసుగా. చీరల కొట్లో నాలుగు చీరలు పరిస్తే ఏదీ కొనకుండా వచ్చేదాన్ని.

మొదట అన్ని హంగులూ ఉన్నది ఎక్కించాను. అది తెరుచుకునేలోపు కుట్టు గదిలో జాకెట్టు పూర్తయ్యేది. తర్వాత బాగా తేలికది వేశాను. చకచకా నడిచింది గానీ తెలుగు వత్తులన్నీ విడిపోయాయి. నా దగ్గర ముందుగా చేరిన సునీత తన పేరు కొట్టి చూసుకుంది, బాగానే వచ్చింది. పక్కన కూర్చున్న అత్తగారి పేరు కొట్టింది.

“నేను బాగానే ఉన్నానండీ. మా అత్తగారే ముక్కలైపోయారు” అంది.

తెర మీద ‘రత్ తమ్ మ’ అని ఉంది. రత్తమ్మగారు కూడా నవ్వారు. “ఇన్నాళ్లకి నీ కోరిక తీరిందే” అన్నారు కోడలితో.

సునీతకి బందరులో కోర్టు దగ్గర టైపింగు కొట్టులో పని కావాలి. భర్త చేపల చెరువు మీద కాపలాకి వెళ్తాడు, ఆ పని ఏడాదంతా ఉండదు. కొట్టాయన పరీక్ష పెడతానని ఒక తేదీ చెప్పాడు. ఈ గదిలో ఏం జరిగినా ఆ పరీక్ష కోసమే జరిగేది. అత్తగారు తోడొచ్చి కోడలి భుజం మీదుగా తెర చూస్తూ కూర్చునేవారు.

మూడోసారి మధ్యరకం లినక్స్ ఒకటి కుదిరింది. వేగం పరవాలేదు, వత్తులు అతుక్కున్నాయి, మెనూలు సగం తెలుగులో ఉన్నాయి. మిగతా సగం నేనే తెలుగు చేశాను. భద్రపరచు, అతికించు, ముద్రించు. చేస్తుంటే ఎంత సంతోషంగా ఉందో, మళ్లీ పాఠం చెబుతున్నట్టే అనిపించింది. సునీత భయం పోయింది. చెయ్యి ఆడడం మొదలైంది.

ఈ బోర్డుకి స్విచ్చు ఉండదక్కా. తెర మీద చెప్పి, అది సర్దుకున్నాక ప్లగ్గు తియ్యాలి. లేకపోతే కార్డు చెడుతుంది. సునీత పిల్లల కోసం ముందే పరిగెత్తేది, నేను అవతలి గదులు తాళం వేసుకునేదాన్ని. ఊరికే కూర్చోవడం ఇష్టంలేక రత్తమ్మగారే ఆపే పని అడిగి పుచ్చుకున్నారు. ఎక్కడ నొక్కాలో చూపించాను. పరీక్ష ఇక వారం ఉందనగా ఒక పొద్దున కార్డు లేవలేదు. సునీత కొట్టిన కాగితాలన్నీ పోయాయి.

రత్తమ్మగారిని అడిగితే, రోజూ ప్లగ్గే లాగేస్తున్నానన్నారు. ఎందుకన్నాను.

“అక్కడ ‘ఆర్పు’ అని రాశారు కదండీ. దీపాలు పెట్టే వేళ ఆ మాట మీద చెయ్యెలా పెట్టమంటారు? మా కోడలికి పని రావాలని వస్తున్నాం గానీ, ఆర్పుకుని పోవడానికి కాదు కదండీ.”

ఆ మాట రాసింది నేనే. మనింట్లో దీపం కొండెక్కింది అనేవాళ్లం తప్ప ఇంకో మాట ఎవరి నోటా రాలేదు కదా. తెర ముందు కూర్చునేసరికి అది దీపమని నాకు తోచలేదు.

కార్డు మళ్లీ సిద్ధం చేసేటప్పుడు ఇంగ్లీషే ఉంచేద్దామా అని చాలాసేపు ఊగాను. పరీక్ష దగ్గరపడింది, అలవాటైన చేతిని ఇప్పుడు తికమక పెట్టకూడదని తెలుగే ఉంచాను, ఆ ఒక్క మాట తప్ప. ‘మూసెయ్యి’ అంది సునీత. కొట్టు దివాలా తీసినట్టుందన్నారు అత్తగారు. నేను ‘సెలవు’ అన్నాను. రేపు రానక్కర్లేదనుకుంటారంది సునీత. చివరికి ‘కొండెక్కించు’ అని పెట్టాం. కొత్తగా చేరినావిడ ఏ కొండ అని అడిగింది. రత్తమ్మగారే చెప్పారు, మొన్నీమధ్య పుట్టినదానివా అంటూ. ఆ రోజు నుంచీ తప్పకుండా నొక్కుతున్నారు.

పరీక్షకి అత్తాకోడళ్లిద్దరే బందరు వెళ్లారు. వచ్చాక సునీత చెప్పింది. దస్తావేజు కాగితం ఒక్క తప్పు లేకుండా కొట్టిందట. సేవ్ చేసి ప్రింటు తియ్యమన్నాడట. అక్కడ మెనూలన్నీ ఇంగ్లీషే. చెయ్యి ఆగిపోయి, ‘భద్రపరచు’ ఎక్కడుందండీ అని అడిగిందట. ఆయన నవ్వాడట. బల్ల మీద కూర్చున్న రత్తమ్మగారు, “నవ్వాక చెప్పండి బాబూ, దానికి ఒక్కసారి చెబితే చాలు” అన్నారట. ఆయన చెప్పాడు, ఈమె చేసింది. వచ్చే నెల నుంచి ఒంటిపూట పనికి రమ్మన్నాడు, కుదిరితే పూర్తిగా పెట్టుకుంటానన్నాడు. మా గదిలో ఆ రోజు అందరికీ కాజాలు పంచారు. నేను రెండు తిన్నాను.

అందరూ వెళ్లాక సునీతని అడిగాను, నీకు తెలుగులో నేర్పి తప్పు చేశానా అని.

“ఇంగ్లీషైతే మొదటి రోజే లేచి వెళ్లిపోయేదాన్నండీ” అంది. చెప్పులు వేసుకుంటూ, “కానీ అక్కడ ఆయన నవ్వినప్పుడు మాత్రం మీ మీద కోపం వచ్చిందండీ” అంది.

బావగారితో ఒక మాట చెప్పు. టీవీ రిమోట్ మీ ఇంట్లోనే ఉండిపోయింది. వెతికి ఇటు వచ్చేవాళ్లెవరి చేతనైనా పంపమను, తెర మరీ మసకగా ఉంది. అత్తయ్యగారికి నా నమస్కారాలు. పిల్లల్ని అడిగానని చెప్పు. నా గురించి బెంగ పెట్టుకోకు, వేళకి తింటున్నాను, నిద్ర పడుతోంది. మీ ఇద్దరి దీవెన ఉంటే ఇక్కడ నిలబడతాననే అనిపిస్తోంది.

రేపు కొత్తగా కొందరు వస్తున్నారు. ఒక కార్డులో తెలుగు, ఇంకోదాంట్లో ఇంగ్లీషు ఎక్కించి ఉంచాను. బోర్డులో పట్టేది ఒక్కటే. మొదట తెలుగు పెట్టి మధ్యలో మార్చుదామంటే, ఆ మధ్య ఎప్పుడో తెలియదు. పొద్దుటి నుంచీ ఆలోచిస్తున్నాను. ఏది పెట్టాలో నాకు తేలలేదక్కా.

నీ చెల్లెలు
శారద