మనుమరాలి బూట్లు ఇవ్వను

ఆదివారం, నాచారం.

నిన్న కబడ్డీలో మనుమరాలు స్వప్న తల నేలకు గట్టిగా కొట్టుకుంది. మొహాన నీళ్లు చల్లితే లేచి మళ్లీ కూతకు వెళ్లింది. ఈ రోజు పేపర్లో ఫొటో వేసి ఆడపులి అని రాశారు. ఆ పులి పొద్దున్నుంచి మూడుసార్లు అడిగింది, "తాతా, మేం గెలిచినమా?" అని.

సాయంత్రం కోచ్ వచ్చాడు.

"మామా, రేపు ఉప్పల్‌ల ఫైనల్. జర పంపు. నువ్వు గూడ దెబ్బ తగిలినంక గట్లనే ఆడినవంట గదా!"

"ఆడిన. గా మ్యాచ్ ఎవలు గెలిచిన్రో ఇప్పటికీ యాదికొస్తలేదు. నడువ్ ఈడికెల్లి."

నలభై ఏళ్లు ఆ ఆట గురించి అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. బుద్ధి లేక.

స్వప్న బూట్లు నా దిండు కింద ఉన్నాయి. అలిగి అన్నం తినలేదు. అలగనీ. గెలిచామా అని మళ్లీ అడిగితే మళ్లీ చెబుతాను. బూట్లు మాత్రం ఇవ్వను.