బూరెల వడ్డన నాకు తిరిగి ఇప్పించుట గురించి

శ్రీ రాజారావు గారి సముఖమునకు,
అధ్యక్షులు, తెలుగు మిత్రమండలి,
ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ.

అయ్యా,

విషయం: ఉగాది విందులో బూరెల వడ్డన నుండి నన్ను తొలగించి పార్కింగ్ డ్యూటీ వేసిన ఉత్తర్వును రద్దు చేయుట గురించి.

సూచిక: మండలి వాట్సాప్ గ్రూపులో మా ఆవిడ ఉమ పెట్టిన మెసేజ్, దాని కింద వచ్చిన నూట పద్నాలుగు నమస్కారాలు.

రామమోహనరావు అను నేను, వయసు అరవై రెండు, రిటైర్డ్ ఇంజనీరు, సవినయంగా విన్నవించుకునేది ఏమనగా:

1. గత జనవరిలో చేయించిన రక్తపరీక్షలో నాకు టైప్ టూ డయాబెటిస్ ఉన్నట్టు తేలినది. మూడు నెలల షుగర్ సగటు ఎనిమిది పాయింట్ ఒకటి. డాక్టరు గారు నాకు చెప్పారు, నేను ఉమకు చెప్పాను, ఉమ గ్రూపుకు చెప్పింది. "మా వారికి షుగర్ వచ్చింది. దయచేసి ఎవరూ స్వీట్లు పెట్టకండి" అని. సాయంత్రానికల్లా మా గుమ్మంలో రెండు కిలోల మెంతులు, ఒక సంచీ కాకరకాయలు, నేరేడు గింజల పొడి మూడు డబ్బాలు జమ అయినవి. నేను మాత్రం డాక్టరు గారి మాత్రలే వేసుకుంటున్నాను. కాకరకాయలు ఇంకా మిగిలి ఉన్నవి. కమిటీ వారికి కావలసిన యెడల పంపగలను.

2. నా జబ్బకు ఒక సెన్సర్ అతికించినారు. నా ఒంట్లో షుగర్ ఎంతుందో అది నాకూ, శాంటా క్లారాలో ఉన్న మా అమ్మాయి ఇషాకూ ఏకకాలంలో తెలియజేయును. మొదటి వారంలో ఒకనాడు ఇడ్లీలు తిని గంట కాకముందే ఫోన్ వచ్చింది.

"నాన్నా, టూ ట్వెల్వ్ ఏంటి? ఏం తిన్నావ్?"

"రెండు ఇడ్లీలమ్మా."

"నాన్నా, దట్స్ నాట్ టూ."

అయిదు తిన్నాను. ముప్పై ఏళ్ళు వంతెనల బరువులు లెక్క కట్టినవాణ్ణి, ఇడ్లీల లెక్కలో దొరికిపోయాను. ఇప్పుడు నిజంగానే రెండే తింటున్నాను. భోజనంలో ముందు కూర, తరువాత అన్నం. తిన్నాక అపార్ట్‌మెంట్ల చుట్టూ ఇరవై నిమిషాలు నడక. నిన్నటికి సగటు బాగా దిగినది. నాకు బాగానే ఉంది. మొదట్లో భయం వేసిన మాట నిజమే గానీ, ఇప్పుడు పొద్దున్నే ఆ అంకె చూడటం సరదాగా కూడా ఉంది.

3. ఇట్లుండగా, విందు రోజున నేను నారింజ రంగు కోటు వేసుకుని, విందు జరిగే స్కూలు గేటు దగ్గర కార్లకు దారి చూపవలెనని కమిటీ వారు నిర్ణయించినారు. కారణం: "స్వీట్ల దగ్గర ఉంటే పాపం మనసు లాగుతుంది." అయ్యా, అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది. నేను తింటానని అడగలేదు, వడ్డిస్తానన్నాను. పదకొండేళ్ళుగా ఆ స్కూలు క్యాఫెటేరియాలో బంతి వేసిన ప్రతి ఉగాదికీ బూరెల బేసిన్ నా చేతిలోనే ఉన్నది. నా బేసిన్ ఏనాడూ ఖాళీ కాకుండా వెనక్కి రాలేదు. ఆ మాట నిరుటి దాకా గర్వంగా చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పుకోలేను. ఎందుకో కింద మనవి చేయుచున్నాను.

4. గ్రూపులో నా సంగతి తెలిసిన మర్నాడు, కూరగాయల కొట్టు ముందు వీరభద్రం గారు నా కారు పక్కన కారు ఆపారు. అటూ ఇటూ చూసి అద్దం దించారు. (ఆయన అనుమతితోనే పేరు రాయుచున్నాను.)

"నాకూ ఉందండీ. తొమ్మిదేళ్ళైంది. ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు."

"మరి నిరుడు మూడు బూరెలు తిన్నారే!"

"మీరు వేశారు కదండీ. విస్తట్లో పడ్డాక వదిలేస్తే ఏం బాగుంటుంది?"

నాకు గుర్తొచ్చింది. ఆయన "వద్దండీ, వద్దండీ" అంటూ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టారు. నేను "మొహమాటపడకండి" అని వేళ్ళ సందులోంచి వేశాను. నెయ్యి కూడా పోయించాను. బంతిలో అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు.

తరువాత రెండు వారాల్లో మరో నలుగురు ఇట్లే నా చెవిలో చెప్పినారు. ఒకరు గుడి మెట్ల మీద, ఒకరు లిఫ్ట్‌లో. వారి పేర్లు అడిగినా చెప్పను. అయిదుగురికీ నా చేతి బూరెలే. తన దాకా వస్తే గానీ తెలియదంటారు. నా దాకా వచ్చింది, తెలిసింది. "వద్దు" అన్నవాళ్ళందరూ మొహమాటంతో అంటున్నారనుకున్నాను. మొహమాటంతో వాళ్ళు తిన్నారు. సిగ్గుగా ఉంది.

5. కావున నా కోరిక: నా బేసిన్ నాకు ఇప్పించండి. ఒక్క బంతికే. ఆ బంతిలో ఒక్కసారే అడుగుతాను. వద్దంటే వద్దే. బూరెలు సగానికి తుంపి ఉంటాయి, కూరలు ముందొస్తాయి. "షుగర్ బంతి" అని బోర్డు పెట్టరాదు. అక్కడ ఎవరు కూర్చున్నా ఎందుకని ఎవరూ అడగరాదు. భోజనమయ్యాక స్కూలు మైదానం చుట్టూ నడకకు నేనే ముందుంటాను. కోటు కూడా వేసుకుంటాను, దూరం నుంచి కనపడుతుంది.

ఈ అర్జీని పంతం పట్టిన ముసలాడి గోలగా గాక, తప్పు దిద్దుకోవాలనుకునే వడ్డనవాడి మనవిగా చిత్తగించవలెను.

తమ విధేయుడు, ప్రస్తుతం గేటు వద్ద,
రామమోహనరావు

తాజా కలం: ఈ కాగితం విడిగా పిన్ చేశాను. కమిటీలో చదవకండి.

రాజారావు గారూ, మొన్న ఆదివారం గుడి పార్కింగ్‌లో మీరు కారులో కూర్చుని వేలు గుచ్చుకుని చిన్న మిషన్‌లో అంకె చూసుకోవడం చూశాను. చూడనట్టు వెళ్ళిపోయాను. "డైట్‌లో ఉన్నానండీ" అని మీరు ఏటా అంటే నవ్వి, ఏటా రెండు వేసింది నేనే. క్షమించండి. ఆ బంతిలో గోడవైపు చివరి కుర్చీ మీకు అట్టేపెడతాను. అక్కడ కూర్చుంటే మీ విస్తట్లో ఏముందో నాకు తప్ప ఎవరికీ కనపడదు.