గౌను ముక్కల వెనక ఆపరేషన్ కాగితం

అమ్మకి,

నేనూ, కడుపులో ఉన్నదీ కులాసా. కంగారుపడి బయల్దేరకు.

నిన్న డాక్టరమ్మ, "మొదటిది ఆపరేషనైనా ఈసారి మామూలు కాన్పుకి ప్రయత్నించొచ్చు, లేదా మళ్ళీ ఆపరేషనే పెట్టుకోవచ్చు. నువ్వేమంటావ్?" అంది. కుట్టుపని చేసేదాన్ని, నా నోరు ఊరుకుంటుందా? "పాత కుట్టు నొప్పుల బిగువుకి ఆగుతుందా?" అన్నాను. ఆవిడ నవ్వేసి, "పైన అడ్డంగానే ఉంది. లోపల గర్భసంచిని ఎలా కోశారో తెలియాలిగా! అడ్డంగా అయితే చాలామందికి ఆగుతుంది, నిలువుగా అయితే ఆ ఊసే ఎత్తొద్దు. అప్పటి ఆపరేషన్ కాగితం తీసుకురా" అంది. పైబట్ట చూసి లైనింగు సంగతి చెప్పలేమని నాకు తెలియదూ!

ఇంటికొచ్చాక గుర్తొచ్చి నాలుక్కరుచుకున్నాను. అట్టలా మందంగా ఉందని, మొదటి కాన్పుకి అక్కడున్నప్పుడు ఆ కాగితాన్నే కత్తిరించి మా పెద్దదాని మొదటి గౌనుకి నమూనా చేశాను. నీ మిషను సొరుగులో చూడు. రెండు చేతులు, మెడ, ముందు భాగం ఉండాలి. వాటి వెనక ఏం రాసుందోనని ఒకటే ఆత్రంగా ఉంది. మంగళవారంలోగా అందేలా కవర్లో పెట్టి పంపు.

నాన్న దగ్గు తగ్గిందా? నీ కళ్ళజోడు మార్పించావా? అన్నట్టు, నన్ను కనేటప్పుడు నిన్నెవరైనా "నువ్వేమంటావ్" అని అడిగారా? అదీ రాయి.

ముక్కల్ని మాత్రం అతికించకు. చదివించుకున్నాక వాటితోనే కొత్త గౌను కత్తిరిస్తాను. బిడ్డ ఏ దారిన వచ్చినా కొలత అదే కదా.

నీ చిన్నది