పదహారో ఓటు

ఆదివారం సాయంత్రం

ఏమండీ,

నమస్కారం. ఇక్కడ అత్తయ్యా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. ఓడలో మీరూ కులాసాగానే ఉండి ఉంటారని అనుకుంటున్నాను. నేను మాత్రం కోపంగా ఉన్నాను. కోపం జబ్బు కిందికి రాదు కనుక క్షేమమనే రాశాను. ఇంత కోపంలోనూ 'మీరు' అనే రాస్తున్నాను, అది కూడా గమనించండి.

ముందు మీరు పోయిన ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గింది, మెట్లు మాత్రం ఇంకా నన్ను పట్టుకునే దిగుతోంది. ఫ్రిజ్ బాగు చేయించాను. వచ్చిన మెకానిక్, ఇంతకుముందు దీన్ని ఎవరు విప్పారని అడిగాడు. మా ఆయన, ఓడలో ఎలక్ట్రీషియన్ అని చెప్పాను. అతను మిగిలిన మరలు ఏరి లెక్కపెట్టుకున్నాడు. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే కొత్త మిషన్ నాకే అప్పగించారు. దాని మోతకి ఇంటికొచ్చాక కూడా చెవులు జుయ్యిమంటున్నాయి. ఇక, "నా దీపస్తంభం వెలుగుతోందా?" అని అడిగారు. దానికి జవాబు ఉంది, కానీ మొదటినుంచీ వరసగా చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

మీరు వెళ్ళిన మూడో వారం, కంప్యూటర్లో ఊరు కట్టి ఆడే మన సర్వర్‌లో మేయర్ కొత్త చట్టం తెచ్చాడు. మనం బీరువా అని పేరు పెట్టిన ఆ పళ్ళ డాక్టరే. నలభై రోజులు ఆటలోకి రానివాళ్ళ స్థలం ఊరిదైపోతుందట. కొత్తగా చేరేవాళ్ళు ఇళ్ళు కట్టుకోవడానికి నీటి ఒడ్డున జాగా లేదట. సభలో అయిదుగురం ఉంటే ముగ్గురు సరేనన్నారు, నేనూ, ఆ పెద్దాయన లాంతరు మాస్టారూ కాదన్నాం. ఓడల్లోనూ ఆస్పత్రుల్లోనూ ఉన్నవాళ్ళ సంగతేమిటని వేళ్ళు నొప్పెట్టేదాకా టైపు చేశాను. ముందే సెలవు చీటీ ఇచ్చి ఉంటే వాళ్ళ జోలికి ఎవరూ రారని బీరువా జవాబు. మీరు ఇచ్చారా? బయల్దేరేముందు మూడుసార్లు చెప్పాను, సభకి ఒక చీటీ రాసి వెళ్ళండని. "ఆటకి కూడా సెలవు చీటీ ఏమిటే" అని నవ్వారు.

ఆట అని మీరే అంటారు. రెండేళ్ళపాటు రాయి మీద రాయి పేర్చి అంత ఎత్తు దీపస్తంభం కట్టిందీ మీరే. ముప్ఫై ఒక్కమంది ఓటేసి ఎన్నుకునే ప్రభుత్వం, చట్టాల పుస్తకం, తగువులు తీర్చే సభ, ఇవన్నీ పెట్టుకున్నాక ఉత్త ఆట అని ఎలా తీసిపారేస్తారో నాకు అర్థం కాదు. మీకన్నా అత్తయ్యే నయం. రోజూ నా పక్కన కుర్చీ వేసుకుని, ఊలు అల్లుకుంటూ, సభలో ఎవరేమన్నారో మొత్తం చదివించుకుని వింటుంది. బీరువా మాట వస్తే చాలు, "వాడికి పళ్ళు పీకడం తప్ప ఇంకేం తెలుసు" అంటుంది.

ఇక అసలు సంగతి. ఇంతవరకూ సాగదీసింది ఇది రాయడానికి చెయ్యి ఆడకే. మీరు ఆటలోకి రాక ముప్ఫై ఎనిమిది రోజులైన సాయంత్రం, నేను మీ పేరుతో లోపలికి వెళ్ళాను.

పాస్‌వర్డ్ అత్తయ్య చెప్పింది. "వాడి చిన్నప్పటి ముద్దుపేరు కొట్టి చూడవే" అంది, మొదటిసారికే తెరుచుకుంది. ఆ పేరు ఇక్కడ రాయను, ఓడలో ఎవరైనా చదివితే మీ పరువు పోతుంది. ఒకరి పేరుతో ఇంకొకరు రావడం మన ఊళ్ళో ఎంత పెద్ద తప్పో మీకు తెలుసు. పోయినేడు ఆ పని చేసిన అన్నదమ్ములిద్దరినీ వెళ్ళగొట్టాలని సభలో గొంతు చించుకున్నది నేనే. తెలిసే చేశాను. మీరు తిరిగొచ్చేసరికి ఆ దీపం వెలుగుతూ ఉండాలి, నాకు ఇంకేమీ తోచలేదు. రోజూ షాపు నుంచి రాగానే ముందు మీరుగా పది నిమిషాలు తిరిగి, తర్వాత నేనుగా వెళ్ళేదాన్ని. ఓడలో మీకు నెట్ దొరికిందనుకున్నారు అందరూ. ఎవరైనా పలకరిస్తే మీలాగే "ఊ" అని ఊరుకునేదాన్ని. ఎవరికీ అనుమానం రాలేదు.

పోయిన సోమవారం దీపంలో బొగ్గు అయిపోయింది. బొగ్గు కోసం మీ పెట్టె తెరిచాను. అడుగున మీ ఓటు నకలు ఉంది. తగువొస్తే మళ్ళీ లెక్కపెట్టడానికి ప్రతివాళ్ళూ తమ ఓటు చీటీకి నకలు దాచుకోవాలని మనం పెట్టుకున్న నియమమే కదా. ఆరు నెలల కిందట బీరువా మీద నేను నిలబడ్డ మేయర్ ఎన్నికలో మీరు వేసిన ఓటుకి నకలు అది. దాని మీద నా పేరు లేదు. బీరువా పేరు ఉంది.

నాకు మాటిచ్చినవాళ్ళు నాతో, మీతో కలిపి పదహారు మంది. వచ్చినవి పదిహేను. ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాను. ఆ సాయంత్రం నాకు టీ పెట్టిచ్చి, పక్కన కూర్చుని, "ఆ లాంతరు మాస్టారే అయ్యుంటాడు, మొదటినుంచీ ఆయన వాలకం నాకు నచ్చలేదు" అన్నది ఎవరండీ? మీ మాట పట్టుకుని ఆరు నెలలుగా ఆ పెద్దాయనతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు నేను. తోట చుట్టూ గోడ కట్టుకుంటానంటే ఏవో వంకలు చెప్పి అనుమతి ఆపించాను. రిటైరైన బడిపంతులు, ఇంట్లో ఒక్కడే ఉంటాడు, ఆయనతో నాలుగు మాటలు మాట్లాడేవాళ్ళు ఉన్నది మన ఊళ్ళోనే. ఆయన నాకే వేశాడు. కట్టుకున్న మీరు వేయలేదు. వేయకపోగా ఆ నేరం ఆయన నెత్తిన రుద్ది, నాకు టీ ఇచ్చారు!

మీ ఓటుతో గెలిచినవాడే మీ దీపస్తంభానికి ఎసరు పెట్టాడు. దాన్ని నిలబెట్టడానికి నేను దొంగదాన్నయ్యాను. తలుచుకున్నకొద్దీ ఒళ్ళు మండిపోతోంది. మంగళవారం షాపులో రెండు అద్దాలు పాడు చేసి ఓనరు చేత మాట పడ్డాను. అదీ మీ ఖాతాలోనే వేసుకోండి.

మాస్టారికి క్షమాపణ చెప్పకుండా ఉండలేకపోయాను. చెప్పగానే, తను కాదని నాకు ఇప్పుడెలా తెలిసిందని అడిగారు. తెరవకూడని పెట్టె తెరిచానని చెప్పాను. ఎవరి పెట్టె అని ఆయన అడగలేదు. నాకు కాదు, సభకి చెప్పమన్నారు. మీ పేరుతో వచ్చింది నేనేనని మేయర్‌కి రాసి, సభ పెట్టమన్నాను.

బుధవారం సభ మొదలుకాకముందే బీరువా నాకు విడిగా రాశాడు. మీరే ఓడలోంచి వచ్చినట్టు రాసుకుంటే దీపస్తంభం నిలుస్తుంది, గొడవ ఉండదు అన్నాడు. మంచితనంగానే అన్నాడు, అందుకే ఇంకా మండింది. ఒప్పుకోలేదు. సభలో అంతా చెప్పాక మాస్టారు అడిగారు.

"ఆయన తన పాస్‌వర్డ్ నీకు ఇచ్చాడా అమ్మా?"

ఇచ్చారంటే శిక్షలో మీకూ సగం పడేది, నాది తగ్గేది. మీ మీద అంత కోపంగా ఉన్న నాకు 'ఔను' అని రెండక్షరాలు కొట్టడం ఎంతసేపు?

"లేదు మాస్టారూ. అడగకుండా నేనే తీసుకున్నాను."

సభలో నా స్థానం పోయింది. ఏడాదిపాటు ఊళ్ళో అడుగు పెట్టకూడదు. మీరు రాని రోజులు మళ్ళీ లెక్కేస్తే నలభై ఎప్పుడో దాటిపోయాయి, కనుక స్థలమూ పోయింది. కట్టినవాళ్ళే విప్పి రాళ్ళు ఊరి గిడ్డంగిలో వేయాలన్న ఆనవాయితీ ఉంది కదా. మీ బదులు ఆ పని చేయడానికి నాకు మూడు సాయంత్రాలు గడువిచ్చారు. పైనుంచి మొదలుపెట్టాను. ఒక్కో రాయికి మిమ్మల్ని ఒక్కో మాట అన్నాను. తిట్లు అయిపోయాయి కానీ రాళ్ళు అయిపోలేదు. అత్తయ్య అల్లిక పక్కన పెట్టి చూస్తూ కూర్చుంది. నిన్న చివరి వరస తీస్తుంటే, "వాడు రెండేళ్ళు కట్టాడే" అని ఏడ్చింది. ఏడవకుండా పని పూర్తి చేశాను. ఇవాళ ఈ ఉత్తరం మొదలుపెట్టేముందు వంటింట్లో ఏడ్చాను.

పెట్టె ఎవరిదో సభకి తెలిసింది. అందులోని ఓటు చీటీ మీద ఎవరి పేరు ఉందో మాత్రం ఎంతమంది అడిగినా చెప్పలేదు, ఇకముందూ చెప్పను. నేను గెలిస్తే నా సాయంత్రాలు మీకు దక్కవని వేయలేదా? లేక ఆ కుర్చీకి నేను పనికిరానని నిజంగానే అనుకున్నారా? మొదటిదైతే మీరొచ్చాక పోట్లాడుకుందాం. రెండోదైతే నాకు భయంగా ఉంది. అయినా రాయండి. ఓడ ఎక్కడ ఆగితే అక్కడ ఉత్తరం వేయండి. రహస్య ఓటు అని మాత్రం తప్పించుకోకండి. ఆ చట్టం రాసింది నేనే. అది సర్వర్‌లో చెల్లుతుంది, మన ఇంట్లో చెల్లదు.

ఇట్లు,
కోపం తగ్గని మీ ఆవిడ