వంకర రివెట్లు

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. సూదిలో దారం ఎక్కించబోతే చెయ్యి వణుకుతోందని, వయసు మీద పడుతోందని నవ్వులాటగా రాశారు. దయచేసి ఈ వారమే డాక్టరుకు చూపించుకోండి.

మీ చెల్లెలు పోయిన రోజు, "తన చెయ్యి వణకడం నీకు ముందు కనిపించలేదా?" అని మీరు అడిగితే లేదన్నాను. అది అబద్ధం. షెడ్డులో నేను కట్టుకుంటున్న చిన్న విమానం రెక్కకు బయటి నుంచి రేకును బిగించే రివెట్లు కొడుతుంటే, లోపలివైపు ఇనప దిమ్మ ఆనించి పట్టుకునేది తనే. నిరుటి వేసవి నుంచి రివెట్లు వంకరపోసాగాయి.

"దిమ్మ తిన్నగా పట్టుకోవడం కూడా రాదా?" అన్నాను.

"నా చేతులు నా మాట వినట్లేదండీ. మీరే ఓసారి కేకలేసి చూడండి" అని నవ్వింది.

నేను నిజంగానే కేకలేశాను. చెడిన రివెట్లను ఒక్కొక్కటే డ్రిల్లుతో తొలిచి తీసి, రేకుకు గీత పడలేదని సంతోషించాను. అలా ఐదు నెలలు గడిచాయి. తలలో గడ్డను అప్పుడే చూసి ఉంటే తీసేసేవాళ్ళమని డాక్టరు తర్వాత చెప్పారు.

ఇది చదివాక మీరు నాతో మాట్లాడకపోయినా సరే. మీ చేతిని చూసి డాక్టరు ఏమన్నారో మాత్రం అన్నయ్య గారి చేత రెండు ముక్కలు రాయించండి.

మీ మరిది