రూతు ఫస్టొచ్చింది, మేరీ

మేరీ,

నువ్వు దేవుడి దగ్గరికి పోయిన ఏడాదికి మన రూతు మూడో తరగతిలో ఫస్టొచ్చింది. "పనిమనుషుల పిల్లలు చేరితే మా రిజల్టు పడిపోతుంది" అని ఈ కువైట్‌లో, ఫర్వానియాలో నిన్ను స్కూలు గేటు దగ్గరే నిలబెట్టి, చివరికి సీట్లు మిగిలాక పిల్లను చేర్చుకున్న హెడ్మిస్ట్రెస్సే ఇవాళ కప్పు అందించింది.

"బ్రదర్ గారూ, తండ్రిగా రెండు మాటలు చెప్పండి" అని మైకిచ్చింది. ప్రార్థనలు నడిపేవాడి చేతికి మైకిస్తే ఊరుకుంటాడా? రుమైథియాలో మామా, అదే నీ అరబ్బు యజమానురాలి ఇంట్లో నువ్వు చేసిన చాకిరీ అంతా సాక్ష్యంగా చెప్పి, మైకు హెడ్మిస్ట్రెస్ నోటి దగ్గర పెట్టాను.

"ఆవేళ గేటు దగ్గర దీని తల్లితో ఏమన్నారో చెప్పండి మేడమ్."

"చెప్పండమ్మా, మేమూ ఇంటాం!" అని వెనక నుంచి ఆయాలు అరిచారు.

బైబిల్లో తాను చిన్నచూపు చూసినవాణ్ణే ఊరేగించాల్సొచ్చిన హామానులా తల దించుకుంది.

శత్రువుల్ని క్షమించమని ఇక్కడ సెలవైన ప్రతి శుక్రవారం ప్రార్థనలో బోధించేది నేనే. ఈ శుక్రవారానికి వేరే వాక్యం చూసుకుంటాను.

నీ ఏసోబు